తుపాకీ పట్టిన మంచివాడి కథ

2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ పట్టణంలో ఒక మాల్ దగ్గర ఒక దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. నెల తిరక్కుండానే, ఆ చుట్టుపక్కలే ఉండే మా పెదనాన్న కొడుకు పిస్టల్ కొన్నాడు. "ఆ రోజు అక్కడ ఒక్కడి దగ్గర గన్ ఉన్నా ఇంత ఘోరం జరిగేదా?" అని ఫోన్లో నన్ను నిలదీశాడు. నేనేదో చెప్పబోతే "నీకు తెలిసింది సాహిత్యం. ఇది జీవితం చెల్లీ" అన్నాడు. నిజమే. సాహిత్యం తెలుసు కాబట్టే అన్నయ్య చెప్తున్నది ఒక కథ అని పోల్చుకోగలిగాను.

ఆ కథని ఊరూరా చాటినవాడు నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అప్పటి నాయకుడు వేన్ లాపియర్. 2012 డిసెంబర్ 14న శాండీహుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు హతమైతే, వారం తిరిగేసరికి ఆయన వచ్చి, తుపాకీ పట్టిన చెడ్డవాణ్ణి ఆపగలిగేది తుపాకీ పట్టిన మంచివాడేనని సెలవిచ్చాడు. చంపేదీ మగవాడే, కాపాడేదీ మగవాడే. ఇక ఆడవాళ్లకు మిగిలే పాత్ర ఏమిటి? ఆ బడిలో చనిపోయిన ఆరుగురు పెద్దవాళ్లూ స్త్రీలే. హంతకుడు బడికి వెళ్లేముందు ఇంట్లో కన్నతల్లిని చంపాడు. ఆ తుపాకులు ఆమె చట్టప్రకారం కొనుక్కున్నవే. తుపాకీ ఉన్న మంచి మనిషి ఆ ఇంట్లో ఉండనే ఉంది.

అన్నయ్య వాదనకి వస్తాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి చాలామంది పెద్దవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకు తిరగొచ్చు. అంటే ఆ రాష్ట్రంలో తుపాకులకు కరువేమీ లేదు. అయినా ఆలెన్‌లో హంతకుణ్ణి ఆపింది, వేరే పనిమీద అక్కడికొచ్చి ఉన్న ఒక పోలీసు.

సాయుధ పౌరులు ఎప్పుడూ ఆపలేదని నేననను. 2022 జూలైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్లో 22 ఏళ్ల కుర్రాడు దాదాపు 15 సెకన్లలో హంతకుణ్ణి పడగొట్టాడు. ఎందరి ప్రాణాలో కాపాడాడు. ఇంతకన్నా బాగా జరగడం అసాధ్యం. అయినా అప్పటికే ముగ్గురు చనిపోయారు. అంతకు ముందు ఏడాది కొలరాడోలోని ఆర్వాడాలో అలాగే హంతకుణ్ణి కాల్చిన ఒక పౌరుణ్ణి, అప్పుడే వచ్చిన పోలీసు హంతకుడనుకుని కాల్చి చంపాడు. మంచివాడని ఎవరి నుదుటి మీదా రాసి ఉండదు కదా!

ఎఫ్‌బీఐ 2000 నుంచి 2013 వరకు ఇలాంటి 160 ఘటనల్ని పరిశీలించింది. పోలీసులు కాని సాయుధుల ఎదురుకాల్పులతో ముగిసినవి 5. వాటిలో నాలుగు చోట్ల ఉన్నది సెక్యూరిటీ గార్డులు. చేతిలో ఏ ఆయుధమూ లేని మనుషులు దుండగుణ్ణి పట్టి ఆపినవి 21. ఈ 21 మీద సినిమాలెందుకు రావు?

2011 జనవరిలో టూసాన్‌లో జరిగింది చూడండి. ఆరుగురిని చంపిన హంతకుణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు కిందపడేస్తే, పట్రీషియా మైష్ అనే 61 ఏళ్ల ఆవిడ వాడు తుపాకీలో పెట్టబోతున్న కొత్త మేగజీన్‌ని లాగేసుకుంది. (మనం రాసే మేగజీన్ కాదు, తూటాల డబ్బా.) అప్పుడే జేబులో పిస్టల్‌తో పరుగెత్తుకొచ్చిన ఒక మంచి యువకుడు, హంతకుడి దగ్గర్నుంచి తుపాకీ లాక్కున్న మనిషినే హంతకుడనుకున్నాడు. కాల్చకుండా నిగ్రహించుకున్నాడు కాబట్టి సరిపోయింది.

అసలు నా అభ్యంతరం వేరు. "ఆపడం" అనే మాటని ఆ చివరి నిమిషాలకే ఎందుకు కుదిస్తున్నారు? 2017 నవంబర్‌లో టెక్సస్‌లోనే సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో, గర్భంలోని శిశువుతో కలిపి 26 మంది చనిపోయారు. తుపాకీ తీసుకుని ఎదురెళ్లిన పొరుగాయన్ని దేశమంతా వీరుడంది. వీరుడే, కాదనను. కానీ ఆ హంతకుడు వైమానిక దళంలో ఉండగా భార్యనీ, ఆమె పసికొడుకునీ కొట్టినందుకు 2012లోనే సైనిక కోర్టులో శిక్షపడ్డవాడు. చట్టప్రకారం వాడికి తుపాకీ అమ్మకూడదు. వైమానిక దళం ఆ శిక్షని ఎఫ్‌బీఐ రికార్డుల్లోకి ఎక్కించలేదు. ఆ నేరంలో ప్రభుత్వానికి 60 శాతం బాధ్యత ఉందని 2021లో ఒక ఫెడరల్ జడ్జి తేల్చారు. వాడు ఎంచుకున్నది అప్పటి భార్య తరపువాళ్లు వెళ్లే చర్చి. 2022లో యువాల్డీ బడిలో 19 మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ చంపినవాడు మొదట కాల్చింది సొంత అమ్మమ్మని. ఆ బడి దగ్గర చేరిన సాయుధ పోలీసులు 376 మంది. లోపలికి వెళ్లి వాణ్ణి చంపడానికి 77 నిమిషాలు పట్టింది.

ఇంట్లో ఆడదాని మీద పడిన దెబ్బని "సంసారం గొడవ" అని కొట్టిపారేసినవాళ్లే, ఆ చెయ్యి మాల్‌కో చర్చికో చేరాక వీరుడి కోసం వెతుకుతారు. ఫిర్యాదు నమోదు చేసే గుమాస్తా మీద, తుపాకీ అమ్మనన్న దుకాణదారు మీద ఎవరూ కథ రాయరు. అందులో పేలేదేమీ ఉండదు కదా.

మొన్న వదినతో మాట్లాడాను. పిస్టల్ పడకగదిలో, మంచం పక్క సొరుగులో ఉందట. తాళంచెవి అన్నయ్య దగ్గర. "మీ అన్నయ్య మంచివాడేనమ్మా, నాకు తెలీదా" అంది. కాసేపు ఆగి, "కానీ మాటా మాటా పెరిగినప్పుడు, ఇదివరకు ఆయన మొహంలోకి చూసేదాన్ని. ఇప్పుడు ముందు ఆ సొరుగు వైపు చూస్తున్నా" అంది.