పారితోషికం స్వల్పం, ప్రమాదం అధికం

2018 అక్టోబర్ 9న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో గ్యాస్ పైపులైను పేలి పలువురు కార్మికులు బలైపోయారు. 2014 జూన్‌లో అక్కడే విషవాయువు లీకై ఆరుగురు మరణించారు. ఇటువంటి ఘోరాలు సంభవించినప్పుడు పత్రికలన్నీ ఫోటోల కోసం వెదుకుతాయి. వాటిని ముందుగా అందించగలిగేది తరచు పత్రికా సిబ్బంది కాదు. ఊళ్లో స్టూడియో నడుపుకొనే యువకుడో, కెమెరా సరదా ఉన్న ఉద్యోగో. అచ్చయిన ఫోటోకు కొద్దిపాటి పారితోషికం ముడితే ముట్టవచ్చు. కాని అందుకు ప్రతిగా తాను ఏమి ఒడ్డుతున్నదీ అతడు గ్రహిస్తున్నాడా? తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఆ ఉక్కునగరంలో ఇది మనవారికీ సంబంధించిన ప్రశ్నే.

మొదటి ప్రమాదం ఉద్యోగానికి. కర్మాగారం కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలాలో ఉంది. అనుమతి లేకుండా లోపల ఫోటో తీసిన ఉద్యోగి క్రమశిక్షణ చర్యకు గురికావచ్చు. నిషిద్ధ ప్రదేశాలుగా ప్రకటితమైన చోట్ల దేశ భద్రతకు భంగకరంగా ఫోటోలు తీయడాన్ని 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేరంగా పరిగణిస్తున్నది. పత్రిక ప్రచురించినంత మాత్రాన తీసినవానికి రక్షణ లభించదు.

రెండవ ప్రమాదం హక్కుకు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం స్వయంగా తీసిన ఫోటోకు తీసినవాడే హక్కుదారు. ఎవరైనా ప్రతిఫలమిచ్చి ప్రత్యేకంగా తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవారిది. హక్కు బదిలీకి సంతకంతో కూడిన పత్రం తప్పనిసరి. అందులో గడువు పేర్కొనకపోతే అది అయిదేళ్లకే పరిమితం. చదవకుండా చేసిన ఒక్క సంతకంతో జీవితకాలపు హక్కు చేజారిపోవచ్చు.

2010 హైతీ భూకంపం వేళ డేనియల్ మోరెల్ ట్విట్టర్‌లో ఉంచిన ఫోటోలను ఏఎఫ్‌పీ, గెట్టీ సంస్థలు అతని అనుమతి లేకుండా పంపిణీ చేశాయి. 2013లో న్యూయార్క్ జ్యూరీ అతనికి 12 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. అంతటి పోరాటం చేయగల స్తోమత భిలాయ్ స్టూడియో యజమానికి ఉంటుందా?

కనుక జాగ్రత్త ముందే వహించాలి. ఫోటో ఒక్కసారి ప్రచురణకా, శాశ్వతంగానా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అసలు ప్రతి తన వద్దనే ఉంచుకోవాలి. ఫోటో కింద తన పేరు ఉండాలని పట్టుబట్టాలి. అంతకుమించి, ప్రమాద స్థలంలో ప్రాణాన్ని పణం పెట్టదగిన ఫోటో ఏదీ లేదని గుర్తుంచుకోవాలి.

అయితే భారమంతా ఫోటో తీసినవానిపైనే మోపడం న్యాయం కాదు. కార్మికుల మరణాలు నాలుగు గోడల మధ్యే సమాధి కాకుండా చూస్తున్నది ఇటువంటి సామాన్యులే. వారి సాహసంతో పుటలు నింపుకొనే పత్రికలు పారితోషికాన్ని ముందే ప్రకటించి, సకాలంలో చెల్లించి, చిక్కులు వచ్చినప్పుడు అండగా నిలవాలి. లాభం పత్రికకు, నష్టం ఫోటో తీసినవానికి అన్న పద్ధతి ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఈ మాట మాతో సహా పత్రికలన్నింటికీ వర్తిస్తుంది.