క్యాండిడ్ ఫొటోలకి పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, 2ఎక్స్ వాడండి

కొత్త ఫోన్ కొనేముందు ఫ్రెండ్స్ నన్ను అడిగేది ఒకటే: "బ్రో, పోర్ట్రెయిట్ మోడ్‌లో బ్లర్ ఎలా ఉంది?" మనవాళ్లు కెమెరా వైపు చూడకుండా వాళ్ల పనిలో వాళ్లు ఉన్నప్పుడు తీసే క్యాండిడ్ ఫొటోలకైతే, నా దృష్టిలో అది అడగాల్సిన ప్రశ్నే కాదు.

బ్లర్ కంపోజిషన్‌ని సరిచేయదు, దాచేస్తుంది అంతే. పెళ్లి వంటల దగ్గర గరిటె తిప్పుతున్న బాబాయ్‌ని తీశారనుకోండి. వెనకున్న గుండిగలు, పొయ్యి పొగ కూడా ఆ ఫొటోలో భాగమే. అవి మాయమైతే అది ఎక్కడ తీసినా ఒకటే.

మరి ఏం చేయాలి?

2ఎక్స్‌కి మారండి: చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా సుమారు 24 ఎంఎం వైడ్. దాంతో ముఖం నిండుగా రావాలంటే బాగా దగ్గరికెళ్లాలి. అప్పుడు ముక్కు పెద్దగా కనిపిస్తుంది, పైగా వాళ్లు మిమ్మల్ని గమనించేస్తారు. 2ఎక్స్ అంటే దాదాపు 48 ఎంఎం. హెన్రీ కార్టియర్-బ్రెసాన్ తన లైకాతో ఎక్కువగా వాడింది 50 ఎంఎం లెన్సే! రెండడుగులు వెనక్కి జరిగి తీయండి, ముఖం సహజంగా వస్తుంది. అయితే వెలుతురు తక్కువుంటే 2ఎక్స్‌లో నాయిస్ పెరగొచ్చు, కిటికీ పక్కన ట్రై చేయండి.

ముందు బ్యాక్‌గ్రౌండ్ చూడండి: తల వెనక స్తంభమో ట్యూబ్‌లైటో ఉంటే ఒక అడుగు పక్కకి జరిగితే చాలు. చిన్నపిల్లలైతే మీరే కింద కూర్చోండి, ఫోన్ వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి.

గ్రిడ్ ఆన్ చేయండి: ముఖాన్ని నిలువు గీత మీద పెట్టి, వాళ్లు చూస్తున్న వైపు ఖాళీ వదలండి. ఫ్రేమ్ సెట్ అయ్యాక నవ్వు కోసం ఆగండి. బరస్ట్‌లో తీసి ఒక్కటే ఉంచుకోండి.

ఇంకో మాట. క్యాండిడ్ అంటే దొంగచాటుగా తీయడం కాదు. తీశాక వాళ్లకి చూపించండి. వద్దంటే డిలీట్ చేసేయండి, స్టేటస్‌లో పెట్టే ముందు అడగండి.

టెలిఫొటో లెన్స్ కోసం ఇంకో పది వేలు పెట్టే ముందు, ఉన్న ఫోన్‌తోనే ఒక వారం 2ఎక్స్‌లో మాత్రమే తీసి చూడండి. అప్పటికీ సరిపోలేదనిపిస్తే అప్‌గ్రేడ్ గురించి ఆలోచిద్దాం.