ముందు పొదుపు, పిమ్మట కంప్యూటరు

కర్మాగారములవారు నేడు రెండు మాటలు తఱచుగ పలుకుచున్నారు. ఒకటి 'లీన్' పద్ధతి, అనగా వృథా లేని యుత్పత్తి. రెండవది 'డిజిటల్' మార్పు, అనగా లెక్కలను, పనుల నడకను కంప్యూటరున కప్పగించుట. ప్రాథమిక వ్యవసాయ సహకారసంఘముల లెక్కలను కంప్యూటరులలోని కెక్కించుటకు కేంద్రప్రభుత్వము 2022 లో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది గనుక, ఈ విషయము రైతులకు దూరమైనదని తలపరాదు.

లీన్ పద్ధతికి మూలము జపానులోని టొయోటా కంపెనీ. ఆ కుటుంబమునకు పెద్దయగు సాకిచి టొయోడా 1924 లో సిద్ధపఱచిన మగ్గము దారము తెగినంతనే తనంతట తానాగెడిది. చెడ్డగుడ్డను గజములకొలది నేసి పిమ్మట విచారించుటకంటె, తప్పు పుట్టినచోటనే పని నిలుపుట మేలుగదా! మోటారుబండ్ల పనిలోనికి గూడ ఈ బుద్ధినే తెచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము తైయిచి ఓనో యను నింజనీరు, కావలసిన సరకు కావలసిన వేళకు కావలసినంతయే యందునట్లు కట్టుబాటు చేసెను. 'కాన్‌బాన్' అను చీటి వచ్చిననేగాని సరకు కదలదు. గోదాములో మూలుగు సరకు మూలబడిన సొమ్మేయని వారి లెక్క. అప్పునకు వడ్డీ కట్టు రైతునకు దీనిని వేఱుగ బోధింపనక్కఱలేదు.

అయినను రైతు గాదెను అడుగంటనీయడు. 1997 ఫిబ్రవరి 1వ తేదీన కరియా పట్టణమున ఐసిన్ వారి కర్మాగారము కాలిపోగా, బ్రేకులకు వలసిన యొక చిన్న కవాటము దొరకక టొయోటావారి పని దాదాపు పూర్తిగ స్తంభించెను. ఆ వస్తువు ఇంచుమించుగ అంతయు ఆ యొక్కచోటనే తయారగుచుండెను. అప్పుడు తక్కిన సరఫరాదారులు, ఎన్నడును దానిని చేసి యెఱుగనివారు సైతము, నమూనాలు పంచుకొని, ధర బేరము తలపెట్టకయే తమ యంత్రములపై దానిని చేసి, కొలదిదినములలో పని సాగునట్లు చేసిరి. సంఘసభ్యులు మఱల మఱల చదువదగిన కథ యిది.

2023 ఆగస్టు 29న జపానులోని టొయోటా కర్మాగారములు 14 ను నిలిచినవి. ఈసారి అగ్ని లేదు, దొంగలు లేరు. భాగములకు ఆర్డరులు పంపు కంప్యూటరులను రెండుదినముల ముందు సవరించునపుడు, లెక్కలు దాచు తావు చాలకపోయెను. ఆపత్తునకై యుంచిన మాఱుకంప్యూటరులు గూడ ఆ యేర్పాటుపైననే నడచుచుండుటచే అవియు నాగెను!

కంప్యూటరు వలదని మేము చెప్పుటలేదు. తప్పుచిట్టాను దానిలో నెక్కించినచో తప్పు మఱింత వేగముగ నడచును, అంతియే. కావున వచ్చు సర్వసభ్యసమావేశమున సభ్యులు కార్యదర్శిని మూడు ప్రశ్నలడుగవలయునని మా కోరిక. గడచిన ఋతువున ఎరువుబస్తాలెన్ని యమ్ముడుపోక మిగిలినవి? అర్జీ పెట్టినది మొదలు అప్పు చేతికందుటకు ఎన్నిదినములు పట్టినది? కంప్యూటరు ఆగిననాడు చూచుకొనుటకు కాగితపు ఖాతా యొకటి యున్నదా?