తగాదాల పరిష్కారానికి మీడియేషన్, ఆర్బిట్రేషన్: మిర్చి వర్తకుల సంఘం తీర్మానం

గుంటూరు మిర్చి యార్డును ఆధారం చేసుకుని వ్యాపారం సాగించే కమిషన్ ఏజెంట్లు, ఎగుమతిదారులు, కోల్డ్ స్టోరేజీ యజమానులు సభ్యులుగా గల మన సంఘం సర్వసభ్య సమావేశం, సభ్యుల మధ్య తలెత్తే వ్యాపార తగాదాలను కోర్టు బయట చట్టబద్ధంగా తీర్చుకునే విషయాన్ని చర్చించి, ఈ దిగువ తీర్మానాన్ని ఆమోదించింది.

నేపథ్యం

ఒకటి. మన తగాదాలు ఎలా పుడతాయో ఈ సభలో తెలియనివారు లేరు. కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన నాలుగు కాయలు అరచేతిలో పోసుకుని, ఒకటి విరిచి గింజ చూసి, రంగు చూసి, ఫోన్లోనే మూడు వందల టిక్కీలకు (బస్తాలకు) బేరం కుదుర్చుకుంటాం. లోడు అవతలి ఊరు చేరాక గోతం విప్పితే పైన తేజ రకం మెరుస్తూ ఉంటుంది. మోచేతి దాకా చెయ్యి పెడితే తాలు కాయ తగులుతుంది. దారిలో చెమ్మ పట్టిందని అమ్మినవారు, ఇక్కడే నీళ్లు చల్లి తొక్కారని కొన్నవారు అంటారు. మధ్య బ్రోకర్ ఇద్దరికీ తలూపుతాడు. సొమ్ము ఆగిపోతుంది, చెక్కు తిరిగొస్తుంది, వకీలు నోటీసు వెళ్తుంది.

రెండు. అలాంటి దావాలో అసలు సాక్షి సరుకే. కానీ మిర్చికాయ వాయిదాల కోసం కాచుకుని కూర్చోదు. బయట ఉంచితే రంగు దిగుతుంది, పురుగు పడుతుంది. సాక్షుల విచారణ మొదలయ్యే నాటికి కాయ పోయి కాగితాలే మిగులుతాయి. స్టోరేజీ అద్దె మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటుంది.

మూడు. కోర్టులో అంతకాలం ఆగే ఓపిక లేక కొందరు వేరే గుమ్మాలు తొక్కుతున్నారు. పలుకుబడి ఉన్నవారి ఇంట్లో కూర్చోవడం, స్టేషన్లో పంచాయితీ పెట్టించడం, ‘సెటిల్‌మెంట్’ చేసే మనుషులను పిలవడం మనం చూస్తున్నదే. అక్కడ రాయించుకున్న కాగితానికి భయమే బలం. ఆ భయం తీరిన రోజున కాగితమూ చెల్లదు, తగాదా మళ్లీ మొదటికొస్తుంది. ఈ తీర్మానం ఆ దందాకు పెట్టే కొత్త పేరు కాకూడదని సభ ముందుగానే స్పష్టం చేస్తోంది.

నాలుగు. చట్టం ఇప్పటికే మనకు దారి చూపింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 89 కింద కోర్టులే దావాలను రాజీ మార్గాలకు పంపవచ్చు. ఈ సెక్షన్ 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షల రూపాయలు, ఆపై విలువ గల వాణిజ్య వివాదంలో అత్యవసర ఉత్తర్వు అవసరం లేనప్పుడు, ముందు మీడియేషన్‌కు వెళ్లకుండా దావా వేయరాదని వాణిజ్య కోర్టుల చట్టంలో 2018లో చేర్చిన సెక్షన్ 12ఏ చెబుతోంది. ఇది తప్పనిసరి నియమమని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పెద్ద దావాకు కోర్టు గుమ్మంలోనే రాజీ బల్ల వేసి ఉంది. ఆ బల్ల దగ్గరికి విసుగుతో వెళ్లాలా, సిద్ధపడి వెళ్లాలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

మాటల అర్థం

తెలుగులో రెండు పద్ధతులనూ ‘మధ్యవర్తిత్వం’ అనే పిలుస్తున్నందున సభ్యుల్లో గందరగోళం ఉంది. కనుక ఈ తీర్మానంలో:

‘మీడియేషన్’ అంటే ఇరుపక్షాలూ తమంతట తామే ఒప్పందానికి వచ్చేలా మూడో వ్యక్తి సాయపడటం. ఆ వ్యక్తి తీర్పు చెప్పడు. నచ్చకపోతే ఎవరైనా లేచి వెళ్లిపోవచ్చు.

‘ఆర్బిట్రేషన్’ అంటే ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుని, మూడో వ్యక్తికి తీర్పు చెప్పే అధికారం ఇవ్వడం. ఆ తీర్పును అవార్డు అంటారు. 1996 నాటి ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ చట్టం సెక్షన్ 36 ప్రకారం అది కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. నచ్చలేదని లేచి వెళ్లే వీలుండదు. సెక్షన్ 34లోని పరిమిత కారణాలపై, మూడు నెలల్లోగా, తగిన కారణం చూపితే మరో 30 రోజుల్లోగా మాత్రమే కోర్టులో సవాలు చేయవచ్చు.

మొదటిది మాట కలపడం, రెండోది మాట అప్పగించడం. ఈ తేడా తెలియకుండా ఏ సభ్యుడూ ఏ కాగితం మీదా సంతకం చేయరాదు.

కావున ఈ సభ ఇందుమూలంగా తీర్మానించడమేమనగా:

1. ఇష్టపూర్వకత. ఈ తీర్మానం ఒక్కటే ఏ సభ్యుణ్నీ ఆర్బిట్రేషన్‌కు కట్టిపడేయదు. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 7 ప్రకారం ఆ ఒప్పందం ఆయా పక్షాల మధ్య రాతపూర్వకంగా ఉండాలి. సభలో చేతులెత్తినంత మాత్రాన అది ఒప్పందం కాదు. ఇష్టపడిన సభ్యులు విడిగా సంతకం చేస్తారు, చేయనివారి సభ్యత్వానికి లోటు రాదు.

2. కోర్టు తలుపు తెరిచే ఉంటుంది. కోర్టుకు వెళ్లిన సభ్యుడికి జరిమానా వేయడం, సరుకు కొనవద్దని చాటింపు వేయడం, హమాలీలను పంపకుండా ఆపడం, శుభకార్యాలకు పిలవవద్దనడం వంటి ఏ కట్టుబాటునూ సంఘం విధించదు, విధించనివ్వదు. న్యాయస్థానానికి వెళ్లే హక్కును పూర్తిగా అడ్డుకునే ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 28 ప్రకారం చెల్లదు. ఆర్బిట్రేషన్ ఒప్పందానికి మాత్రం ఆ సెక్షనే మినహాయింపు ఇచ్చింది.

3. పరిధి. సభ్యుల మధ్య సరుకు నాణ్యత, తూకం, బకాయి, స్టోరేజీ అద్దె, రవాణా నష్టం, భాగస్వామ్య లెక్కలకు సంబంధించిన తగాదాలనే సంఘం జాబితాలోని మీడియేటర్లు, ఆర్బిట్రేటర్ల ప్యానెల్ చూస్తుంది. మోసం, ఫోర్జరీ, దౌర్జన్యం వంటి నేరాలనూ, కుటుంబ, కుల వ్యవహారాలనూ, దివాలా ప్రక్రియలనూ ప్యానెల్ ముట్టుకోదు.

4. రైతులు, హమాలీలు. వారు ఈ సంఘంలో సభ్యులు కారు. ప్యానెల్ నిర్మాణంలో వారి మాట లేదు. అందువల్ల రైతుకు రావలసిన సొమ్ము, కాటా, కోతలపై ఫిర్యాదును ఈ ప్యానెల్ ముందుకు రమ్మని ఏ సభ్యుడూ ఒత్తిడి చేయరాదు. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద ఏర్పడిన మార్కెట్ కమిటీ ముందు, ఇతర చట్టబద్ధ అధికారుల ముందు వారికున్న హక్కులు యథాతథం. కొన్నవారే కూర్చుని అమ్మినవారికి తీర్పు చెబితే దాన్ని రాజీ అనరు.

5. నమూనా నియమం. సరుకు స్టోరేజీ దాటే ముందే ఇరుపక్షాల ఎదుట మూడు సంచుల్లో నమూనా తీసి, సీలు వేసి, సంతకాలు చేయాలి. ఒకటి అమ్మినవారికి, ఒకటి కొన్నవారికి, మూడోది స్టోరేజీలోనే చల్లని గదిలో. సరుకు చేరిన 48 గంటల్లోగా అభ్యంతరం రాతపూర్వకంగా తెలపాలి, వాట్సాప్ సందేశమైనా చాలు. తేమ, తాలు, తొడిమల శాతం, రంగు విలువ, ఎగుమతి సరుకైతే అఫ్లాటాక్సిన్ పరీక్ష మూడో సంచి మీదే జరగాలి. సరుకు పాడయ్యే స్థితిలో ఉంటే తగాదా తేలేలోగా దాన్ని అమ్మి సొమ్మును విడిగా ఉంచేందుకు ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద కోర్టును గానీ, సెక్షన్ 17 కింద ఆర్బిట్రేటర్‌ను గానీ కోరవచ్చు.

6. మొదటి మెట్టు మీడియేషన్. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో మొదటి సిట్టింగ్, 30 రోజుల్లో ముగింపు. గదిలో అన్న మాటలు, వదులుకుంటామన్న అంకెలు గోప్యం. రాజీ కుదరకపోతే వాటిని ఆ తరువాత ఏ విచారణలోనూ వాడుకోరాదు. మీడియేటర్‌గా కూర్చున్నవారు అదే తగాదాలో ఆర్బిట్రేటర్‌గా కూర్చోరాదు.

7. కుదిరిన రాజీకి బలం. 2023లో వచ్చిన మీడియేషన్ చట్టం 120 రోజుల గడువునూ, మరో 60 రోజుల పొడిగింపునూ, ఒప్పందానికి డిక్రీతో సమాన బలాన్నీ నిర్దేశించింది. అయితే 2023 అక్టోబర్ 9న అందులో కొన్ని సెక్షన్లకే అమలు తేదీ ప్రకటించారు. అందువల్ల ఏ సభ్యుడూ తెల్లకాగితంతో సరిపెట్టుకోరాదు. సంతకాలైన రాజీని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ ముందు ప్రీ లిటిగేషన్ కేసుగా పెట్టి అవార్డుగా మార్చుకోవాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు.

8. గడువుల జాగ్రత్త. రాజీ మాటలు నడుస్తున్నాయన్న భరోసాతో చట్టపు గడువును జారవిడవరాదు. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము రాకపోతే, ఆపై నెల లోపు ఫిర్యాదు వేయాలి. కేసు వేశాక కూడా రాజీ పడవచ్చు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 147 అందుకు వీలిచ్చింది. అలాగే మన ప్యానెల్ ముందు కూర్చున్నంత మాత్రాన వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ షరతు తీరినట్టు భావించరాదు. దానికి న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు వేరుగా పెట్టాలి.

9. రెండో మెట్టు ఆర్బిట్రేషన్. పది లక్షల రూపాయల లోపు తగాదాకు ఒకే ఆర్బిట్రేటర్. ఇరుపక్షాలూ రాసి ఒప్పుకుంటే ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 29బి కింద ఆరు నెలల్లో ముగిసే సత్వర విధానం. తగాదా విలువ పది లక్షలు, ఆపై అయితే ముగ్గురు. ఆర్బిట్రేటర్ల సంఖ్య సరిసంఖ్య కారాదని చట్టమే చెబుతోంది. భారీ ఎగుమతి కాంట్రాక్టుల విషయంలో 2021 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రారంభమైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం వంటి సంస్థను పక్షాలు ఎంచుకోవచ్చు.

10. ఎంపికలో నిష్పాక్షికత. ఫలితంలో తనకు ప్రయోజనం ఉన్న వ్యక్తి ఒంటరిగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించరాదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక అధ్యక్షుడికి గానీ, కార్యవర్గానికి గానీ నియామక అధికారం ఉండదు. 11వ అంశంలో చెప్పిన జాబితా నుంచి ఇరుపక్షాలూ కలిసి ఎంచుకుంటాయి. కుదరకపోతే, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్న పక్షంలో, అందరి ఎదుటా చీటీ తీస్తారు. అదీ ఒప్పుకోకపోతే ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 11 కింద హైకోర్టును ఆశ్రయించాలి. గత మూడేళ్లలో ఏ ఒక్క పక్షంతోనైనా లావాదేవీ చేసినవారు ఆ తగాదాలో కూర్చోరు.

11. జాబితా. జాబితాలో కనీసం సగం మంది మిర్చి వ్యాపారంతో సంబంధం లేనివారై ఉండాలి: విశ్రాంత న్యాయాధికారులు, వ్యవసాయ, మార్కెటింగ్ శాఖల విశ్రాంత అధికారులు, అకౌంటెంట్లు, 40 గంటల మీడియేషన్ శిక్షణ పొందినవారు. మహిళలకు తప్పనిసరిగా చోటు కల్పించాలి. రుసుము ముందుగానే ప్రకటించాలి. కాగితాలు, విచారణ, అవార్డు పక్షాలు కోరిన భాషలో, వీలైనంతవరకు తెలుగులో సాగాలి.

12. బిల్లులపై షరతు. సమ్మతించిన సభ్యులు సౌదా కాగితంలో ఈ వాక్యం చేర్చి ఇరువైపులా సంతకం చేయించుకోవాలి: “ఈ లావాదేవీపై వచ్చే తగాదాను ముందు మీడియేషన్‌లో, 30 రోజుల్లో తేలకపోతే 1996 చట్టం ప్రకారం ఆర్బిట్రేషన్‌లో పరిష్కరించుకుంటాము. స్థానం గుంటూరు, భాష తెలుగు.” బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఊరుకుంటే, అవతలివారు దానికి ఒప్పుకున్నారని తరువాత నిరూపించడం కష్టం.

చర్చలో వచ్చిన అభ్యంతరం

పెద్ద కొట్టువారితో తగాదా వస్తే చిన్నవారు ప్యానెల్ ముందు నోరు విప్పగలరా అని ఒక సభ్యుడు అడిగారు. సీజన్ అంతా వారిచ్చే అడ్వాన్సు మీదే నడిచే కొట్టు, వారిని కాదనుకుని రాజీ నిరాకరించగలదా అన్నది ఆయన ప్రశ్న. సభ దాన్ని న్యాయమైనదిగా స్వీకరించింది. ఆ మేరకు, కోరిన పక్షం వకీలును గానీ, నమ్మకస్తుణ్ని గానీ వెంట తెచ్చుకోవచ్చు. మీడియేటర్ ప్రతి పక్షంతోనూ విడిగా మాట్లాడాలి. రాజీ పత్రం చదివి వినిపించాక ఒక రోజు గడువిచ్చి, మర్నాడే సంతకాలు తీసుకోవాలి. రాత్రికి రాత్రి చేయించే సంతకాలు ఈ సంఘం పేరు మీద జరగరాదు.

అమలు

జాబితా తయారీకి, నమూనా సంచుల ముద్రకు, సౌదా కాగితం నమూనాకు ఐదుగురితో ఉపసంఘం ఏర్పాటు చేయడమైనది. వేసవి సెలవులు ముగిసి యార్డు తెరిచేలోగా అది పని పూర్తిచేయాలి. ఏడాది తరువాత ఎన్ని తగాదాలు వచ్చాయో, ఎన్ని కుదిరాయో, ఎన్ని కుదరలేదో పేర్లు లేకుండా సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి.

షరతుపై సంతకం చేయడం, చేయకపోవడం సభ్యుల ఇష్టం. నమూనా సంచికి మాత్రం ఎవరి సమ్మతి కోసమూ ఆగనక్కర్లేదు. తరువాతి లోడు కదిలే ముందే సీలు వేయడం మొదలుపెట్టాలని ఈ సభ సభ్యులందరినీ కోరుతోంది.

పై తీర్మానాన్ని ఒక సభ్యుడు ప్రతిపాదించగా, మరొకరు బలపరచగా, సభ మెజారిటీతో ఆమోదించింది.