ఆ 150 అడుగుల ఖోలీ ఎవరిది?

కొంచెం పొడుగు పోస్టు. చదివి తిట్టినా సరే, చదవకుండా దండం బొమ్మ పెట్టి పోవద్దు.

ఏటా రిజల్టులు రాగానే మన సంఘంలో పిల్లల సత్కారం చేస్తాం. టెన్త్‌లో 90 శాతం దాటితే శాలువా, షీల్డు, ఫొటో. ఏళ్ల తరబడి నేనూ వర్గణి ఇచ్చాను, వేదిక మీద నిలబడి ఫొటోలు దిగాను. ఈ ఏడు షీల్డులకు ఒక్క రూపాయి ఇవ్వను. ఎందుకో చెప్తా.

మొన్న మా చాల్‌లో రీడెవలప్‌మెంట్ మీద మీటింగు జరిగింది. మ్హాడా ద్వారా కామాఠీపుర మొత్తం మళ్లీ కట్టాలన్న మాట నడుస్తున్నప్పటి నుంచి ప్రతి ఇంట్లో అడుగుల లెక్కే. ఒక పెద్దమనిషి లేచి, "మన అంతస్తులో ఖోలీ సగటున 150 అడుగులు" అన్నాడు. అందరం తలలూపాం. మనం షీల్డులిచ్చిన పిల్లలు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్లూ ఊపారు.

ఆ ఆదివారం నలుగురు పిల్లల చేతికి టేపు, నోటుబుక్కు ఇచ్చి ఆ అంతస్తు కొలవమన్నాను. ఖోలీలు పది. ఇంచుల తేడా వదిలేస్తే తొమ్మిది ఖోలీలు 120 అడుగులవి. గోడలు తీసి కలిపేసిన మూల ఖోలీ ఒక్కటే 420. మొత్తం 1500, పదితో భాగిస్తే 150. పెద్దమనిషి లెక్క తప్పు కాదు. కానీ ఎనిమిదో తరగతి పిల్ల నోటుబుక్కు రెండుసార్లు తిరగేసి అడిగింది: "కాకా, గీ 150 ఖోలీ ఏది? ఒక్కటి గూడ లేదు గదా?"

మీటింగులో ఇంతమందిమి కూర్చున్నాం, ఈ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. పదిమంది కొలతలు చీటీల మీద రాయించి, వరండాలో చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పెట్టమన్నాను. నడిమిది చూస్తే 120. పుస్తకంలో దీన్ని మధ్యగతం అంటారు. మూల ఖోలీ 420 కాదు, 4,000 అడుగులున్నా నడిమిది మారదు, సగటు మాత్రం ఎగిరిపోతుంది. పిల్లలకు ఇది పావుగంటలో అర్థమైంది. రేపు ఏదో కాగితంలో 'సగటు 150' అని పడితే, 120లో ఆరుగురు పడుకునే తొమ్మిది ఇళ్లు ఆ కాగితంలో కనబడవు.

పాఠం లేదా అంటే ఉంది. మన స్టేట్ బోర్డు టెన్త్ లెక్కల పుస్తకంలో సగటు, మధ్యగతం, బాహుళకం మూడూ ఉన్నాయి. షీల్డు పిల్లలకు సూత్రాలు నోటికొచ్చు. కానీ ఆ లెక్కల్లో అంకెలు ఎప్పుడూ ఎవరో ఇచ్చినవే. ఎవరు కొలిచారు, ఎవర్ని వదిలేశారు అని అడిగే పని పిల్లకు ఏనాడూ పడదు.

మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. బీడీలు చుట్టేది. కట్టకు 25, వెయ్యికి 40 కట్టలు. సరుకు చూసేవాడు రెండు కట్టలు విప్పి, వాటిలో బాగా లేనివి లెక్కపెట్టి, మొత్తం వెయ్యికీ అదే లెక్కన కోత వేసేవాడు. "రెండు కాదు, ఐదు ఇప్పి చూడు" అని కొట్లాడేది. దాన్నే ఇవాళ శాంపిల్ అంటున్నారు.

మీరూ ఇంట్లో చేయించండి. డబ్బాలో 150 శనగలు, 50 బఠానీలు కలపండి. పిల్లను చూడకుండా 20 గింజలు తీసి, బఠానీలు లెక్కపెట్టి, మళ్లీ డబ్బాలో వేసి కలిపి, ఐదుసార్లు చేయమనండి. మా దగ్గర 3, 6, 5, 4, 7 వచ్చాయి. మొదటిసారి తీసినదాన్నే నమ్మితే డబ్బాలో 30 బఠానీలు, చివరిదాన్ని నమ్మితే 70. ఐదూ కలిపితే సగటు 5, అంటే సరిగ్గా 50. ప్రతిసారీ ఇంత బాగా కుదరదు, ఆ సంగతీ వాళ్లే కనిపెట్టాలి. ఇక "నేను నలుగుర్ని అడిగాను, గల్లీ మొత్తం ఒప్పుకుంది" అని గ్రూపులో రాసే పెద్దలు కూడా ఈ ఆట ఒకసారి ఆడితే మంచిది.

2023లో సి.ఆర్. రావు గారికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చినప్పుడు "మన తెలుగువాడు" అని అందరం స్టేటస్ పెట్టుకున్నాం. అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్లకు ఆయన పోతే మళ్లీ ఫొటో పెట్టాం. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, కలకత్తా వెళ్లి ఆయన సాధించిన విద్య పేరు మీద మన సంఘంలో ఒక్క ఆదివారం అయినా గడిపామా?

"పరీక్షలో రాని దానికి టైమెందుకు" అని ఒక అన్న అన్నాడు. పరీక్షలో వస్తుంది, అన్నా. కాకపోతే పరీక్ష రెండు గంటలే, ఖోలీ మూడు తరాలది. "ఇంటింటి గుట్టు పిల్లలు రాసుకుంటే ఎట్లా" అని ఒక అక్క అడిగింది. ఆ భయం న్యాయమైనదే. జీతాలు, అప్పులు అడగొద్దు. నల్లా ఎన్ని నిమిషాలు వచ్చింది, పొద్దున సండాసు దగ్గర వరసలో ఎంతసేపు నిలబడ్డారు, బడికి ఎన్ని అడుగులు నడిచారు, ఇవి రాయనివ్వండి. పేరు వద్దు, అంకె చాలు. ఖోలీ కొలవాలంటే ముందు ఆ ఇంటివాళ్లను అడగాలి.

నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసిన కామాఠీల పేరే ఈ గల్లీలకు పడింది. కట్టింది మనవాళ్లు, కొలతలు మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లవి. ఇప్పుడు మళ్లీ కొలతల కాలం వచ్చింది.

షీల్డుకు ఇచ్చే నా వర్గణితో రెండు టేపులు, పది నోటుబుక్కులు కొన్నాను. సంఘం హాలు ఆదివారం పొద్దున రెండు గంటలు ఇస్తే చాలు. వచ్చే కమిటీ మీటింగులో ఈ మాట పెడతాను. కాదనేవాళ్లు వచ్చి కాదనండి, కానీ మీ ఖోలీ పొడవు వెడల్పు ఒకసారి మీ పిల్లతో కొలిపించి రండి.