అంతర్జాలంలో దాచుకున్న ఇల్లు ఎవరిది?

కెనడాలో ఈ మధ్య కొత్త ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ళ ఇంటికి ఎప్పుడైనా భోజనానికి వెళ్ళారా? వెళ్ళే ఉంటారు. భోజనం సంగతి అలా ఉంచండి, కాఫీ పూర్తయ్యే లోపల ఒక ఫోను మీ చేతిలోకి వస్తుంది. "ఇదిగో, మా పూజగది ఇలా చేయిద్దామనుకుంటున్నాం", "వంటింట్లో పొయ్యి వెనక గోడకి ఈ టైల్సు", "మెట్ల పక్కన ఈ దీపాలు" అంటూ వేలితో ఒక్కొక్కటే జరుపుతూ పోతారు. రెండు వందల బొమ్మలు, మూడు వందల బొమ్మలు. అసలు ఇల్లు ఇంకా పునాదుల్లోనే ఉంటుంది, బొమ్మల్లో మాత్రం గృహప్రవేశం అయిపోయి ఉంటుంది!

వెక్కిరింపుగా అనడం లేదు. మేమూ అంతే. ఇక్కడ అంటారియోలో కొత్త ఇల్లు బుక్ చేసుకుంటే బిల్డరు డెకార్ సెంటరుకి పిలుస్తాడు. నేలకి ఏ చెక్క, వంటింటి గట్టుకి ఏ రాయి, అల్మారాలకి ఏ రంగు అన్నవన్నీ కొద్ది గంటల్లో తేల్చి సంతకం పెట్టాలి. మామూలుగా వచ్చేది కాకుండా ఏది కోరినా దానికి విడిగా డబ్బు. చేతిలో బొమ్మలు లేకుండా వెళితే ఆ హడావిడిలో ఏది చూపిస్తే దానికి తల ఊపి వస్తాం. కాబట్టి ముందుగా బొమ్మలు పోగుచెయ్యడం తెలివైన పనే. ఒకప్పుడు పత్రికల్లో పేజీలు కత్తిరించి దాచుకునేవారు. 2009లో హౌజ్, 2010లో పింటరెస్టు వచ్చాక ఆ కత్తెర పని అంతా అంతర్జాలంలోకి మారింది.

ఈ వ్యాసం ఏ బొమ్మలు దాచుకోవాలి అన్న దాని గురించి కాదు. దాచుకున్నవి ఎవరి చేతిలో ఉన్నాయి అన్న దాని గురించి. ఈ ప్రశ్నకి సమాధానం మన మాంట్రియల్ నుంచే ఒకసారి వచ్చింది. దాన్ని చాలామంది పట్టించుకోలేదు, మరచిపోయారు కూడా.

ఒక్క రోజులో మూతపడ్డ సైటు

పాలివోర్ అనే వెబ్‌సైటు కొందరికి గుర్తుండే ఉంటుంది. 2007లో పాషా సద్రీ అనే యాహూ ఇంజనీరు మొదలుపెట్టారు. ఇల్లు సర్దుకునే రోజుల్లో పత్రికల నుంచి బొమ్మలు కత్తిరించి పక్కపక్కన పెట్టి చూసుకునే పనిని కంప్యూటరు మీద చెయ్యొచ్చు కదా అన్న ఆలోచనతో పుట్టిన సైటు అది. తర్వాత బట్టలు, నగల ఫ్యాషనుకే ఎక్కువ పేరు వచ్చినా, ఇంటి అలంకరణకీ అందులో చోటుండేది. సోఫా ఒక దుకాణం నుంచి, దీపం ఇంకో దుకాణం నుంచి, తివాచీ మరో చోటు నుంచి తెచ్చి ఒకే బొమ్మలో అమర్చేవారు. అలా అమర్చిన దాన్ని సెట్టు అనేవారు. ఏళ్ళ తరబడి కొన్ని వేల సెట్లు చేసినవాళ్ళు కూడా ఉన్నారు.

2015లో యాహూ ఆ సైటుని కొన్నది. 2017లో యాహూని వెరైజన్ కొని, ఓత్ అనే విభాగంలో కలిపింది. 2018 ఏప్రిల్‌లో ఓత్ సంస్థ పాలివోర్‌ని మాంట్రియల్‌కి చెందిన ఎస్సెన్స్ అనే బట్టల వ్యాపార సంస్థకి అమ్మేసింది. అటాల్లా సోదరులు 2003లో మొదలుపెట్టిన సంస్థ అది. అమ్మకం ప్రకటించిన రోజునే పాలివోర్ మూతపడింది. ఆ చిరునామాకి వెళ్ళినవాళ్ళు నేరుగా ఎస్సెన్స్ దుకాణం గుమ్మంలో తేలారు. సొంత సెట్లు దింపుకోవడానికి మే 15 దాకా గడువిచ్చారు. అంటే దాదాపు ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో మెయిలు చూసుకోనివాళ్ళు, ఊళ్ళో లేనివాళ్ళు, పురుటి మంచం మీద ఉన్నవాళ్ళు ఏమయ్యారు? వాళ్ళ పదేళ్ళ పని పోయింది.

ఇంకో తమాషా చూడండి. మే 15న ఆ గడువు ముగిసింది. సరిగ్గా పది రోజులకి, అంటే 2018 మే 25న, ఐరోపాలో జీడీపీఆర్ చట్టం అమల్లోకి వచ్చింది. మన సమాచారాన్ని వాడుకోదగ్గ రూపంలో తిరిగి అడిగి తీసుకుని వేరే చోటికి పట్టుకెళ్ళే హక్కు అందులో ఉంది.

అదే నెల, అదే అమ్మకందారు, ఇంకో కథ

అదే 2018 ఏప్రిల్‌లో అదే ఓత్ సంస్థ ఫ్లికర్‌ని కూడా అమ్మేసింది. ఫ్లికర్ మన కెనడా బిడ్డ. 2004లో వాంకూవర్‌లో స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్, కేటరీనా ఫేక్ మొదలుపెట్టారు, 2005లో యాహూ కొన్నది. దాన్ని కొనుక్కున్న స్మగ్‌మగ్ ఫొటోలు దాచిపెట్టినందుకు వాడుకరుల దగ్గర డబ్బు తీసుకునే కుటుంబ సంస్థ. వాళ్ళు ఫ్లికర్‌ని మూసెయ్యలేదు. కానీ ఉచిత ఖాతాకి 1000 ఫొటోలే అని కొత్త నిబంధన పెట్టారు, 2019లో అంతకు మించినవి తీసేస్తామన్నారు. అప్పట్లో అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే ఫ్లికర్ ఈనాటికీ నడుస్తోంది, పాలివోర్ లేదు.

తేడా ఎక్కడుంది? సాఫ్టువేరులో కాదు. రెండూ మంచి ఇంజనీర్లు కట్టినవే. తేడా అంతా డబ్బు ఎవరిస్తున్నారన్న దాంట్లో ఉంది. ఫ్లికర్‌లో ఫొటోలు దాచుకునేవాళ్ళే కొనుగోలుదార్లు. స్మగ్‌మగ్ వాళ్ళని పోగొట్టుకుంటే కొన్నదానికి అర్థం లేదు. పాలివోర్‌లో సెట్లు చేసేవాళ్ళు కొనుగోలుదార్లు కారు. వాళ్ళ అభిరుచి, వాళ్ళు ఏం చూస్తున్నారన్న సమాచారం, అవి అక్కడ సరుకు. సరుకు చేతికొచ్చాక గోదాము నడపక్కర్లేదు కదా!

ఈ కథకి కొసరు కూడా ఉంది. అమెరికా సుంకాలు పెరిగి, 800 డాలర్ల లోపు పార్సెళ్ళకి ఉన్న మినహాయింపు కూడా పోవడంతో, 2025లో ఎస్సెన్స్ సంస్థే అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కింది. మన బొమ్మలు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళ జాతకం కూడా మనది కాదు.

మా ఇంట్లో జరిగింది

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మా ఇంట్లోనూ ఒకటి జరిగింది. సైటు పేరు అనవసరం, చిన్నది, ఇప్పుడు లేదు. మా ఆవిడ నాలుగేళ్ళపాటు అందులో బొమ్మలు దాచుకుంది. టైల్సు, తలుపులు, తోరణాలు పోతే పోయాయి, అలాంటివి మళ్ళీ బోలెడు దొరుకుతాయి. కానీ అదే పేజీలో తెనాలి దగ్గర వాళ్ళ అమ్మమ్మగారి మండువా ఇంటి ఫొటోలు కూడా పెట్టింది. ఇల్లు పడగొట్టే ముందు వాళ్ళ తమ్ముడు తీసి పంపినవి. మధ్యలో మండువా, చుట్టూ చెక్క స్తంభాలు, వీధి అరుగు, గుమ్మం పక్కన దీపం గూడు. మన కొత్త ఇంట్లో వీటిలో ఏదో ఒకటైనా ఉండాలని ఆమె కోరిక.

సైటు మూసేస్తున్నట్టు హెచ్చరిక మెయిళ్ళు రాకపోలేదు. కానీ ఆ ఖాతా మేము చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ మెయిలుతో తెరిచింది. మాస్టర్స్ అయిపోయాక ఆ మెయిలు మూతపడింది. హెచ్చరికలన్నీ ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టి వెళ్ళిపోయాయి. తమ్ముడి పాత ఫోను ఎప్పుడో పాడైంది. పగలంతా ఆఫీసులో డేటాబేసులకి బ్యాకప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం నాది. ఇంట్లో ఒక్క నకలు లేదు. తప్పు సైటుదెంతో నాదీ అంతే.

చట్టం ఏమంటోంది?

కెనడాలో వ్యాపార సంస్థలు మన వ్యక్తిగత సమాచారాన్ని ఎలా వాడాలో చెప్పే కేంద్ర చట్టం పిపెడా 2000లో వచ్చింది. మన గురించి మీ దగ్గర ఏముందో చూపించండి అని అడిగే హక్కు అందులో ఉంది, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ చూపించడం వేరు, మూటగట్టి ఇవ్వడం వేరు. పైగా పది దుకాణాల బొమ్మలు తెచ్చి మనం పేర్చుకున్నది వ్యక్తిగత సమాచారమా కాదా అన్నదే ఒక వాదన.

క్యూబెక్ ఒక అడుగు ముందుకేసింది. 2021లో చేసిన 25వ చట్టం కింద, మనం ఇచ్చిన కంప్యూటరు సమాచారాన్ని అందరూ వాడే రూపంలో తిరిగి పొందే హక్కు 2024 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉంది. మాంట్రియల్‌లో ఉన్న మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. దేశమంతటికీ ఇలాంటి ఏర్పాటు తేవాలని 2022లో కేంద్రం సి-27 బిల్లు పెట్టింది. 2025 జనవరిలో పార్లమెంటు ప్రొరోగ్ కావడంతో అది గాలిలో కలిసిపోయింది.

చట్టం వచ్చినా ఒక చిక్కుంది, అది ఇంజనీరుగా చెప్పాలి. "మీ సమాచారం దింపుకోండి" అని సైట్లు ఇచ్చే ఫైలులో చాలాసార్లు బొమ్మలుండవు, బొమ్మల చిరునామాలుంటాయి. ఆ చిరునామా అవతల దుకాణం సరుకు మార్చినా, సైటు మూసినా, మన చేతిలో మిగిలేది ఖాళీ చీటీ. రెండు వేల ఖాళీ చీటీలు ఉన్నా ఒక్క గోడకి రంగు వెయ్యలేం.

ఇప్పుడు దీనికి కృత్రిమ మేధ కూడా తోడైంది. ఎక్కడా లేని ఇళ్ళ బొమ్మలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. కిటికీ తెరుచుకోదు, మెట్లు గోడలోకి వెళ్ళిపోతాయి, పూజగదిలో దేవుడికి ఆరు వేళ్ళు. అలాంటి బొమ్మలకి 2025 నుంచి పింటరెస్టు గుర్తు వేస్తోంది. అదే ఏడాది నిబంధనలు మార్చి, వాడుకరులు పెట్టిన బొమ్మలతో తన కృత్రిమ మేధకి శిక్షణ ఇచ్చుకుంటానంది. వద్దనుకునేవాళ్ళు సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ మీట ఆపుకోవాలి. ఆపకపోతే ఒప్పుకున్నట్టే.

మరి ఏం చెయ్యాలి?

సైట్లు వాడొద్దని నేననను, మేమూ వాడుతూనే ఉన్నాం. అవి సంతలాంటివి. సంతకి వెళ్ళి చూడాలి, నచ్చింది తెచ్చుకోవాలి, ఇంటి పత్రాలు మాత్రం సంతలో దాచుకోకూడదు.

ముందుగా, నిజంగా చేయించబోయే ఇరవై ముప్ఫై బొమ్మలు మీ సొంత కంప్యూటరులోకి దింపుకోండి. చట్టబద్ధంగా దొరికిన దానికి సొంత వాడకం కోసం నకలు దాచుకోవడాన్ని కెనడా కాపీరైటు చట్టం 2012 సవరణల నుంచి కొన్ని షరతులతో ఒప్పుకుంటోంది. ఎవరి ఫొటోనో, ఎక్కడిదో, ఎందుకు నచ్చిందో పక్కన ఒక వాక్యం రాసుకోండి. ఆ వాక్యం బొమ్మ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. పాత ఖాతాలన్నిటిలో ఇప్పుడు మీరు చూసే మెయిలు పెట్టుకోండి. యూనివర్సిటీవి, పాత ఆఫీసువి ఈ వారమే మార్చండి. అన్నిటికన్నా ముఖ్యం, కుటుంబ ఫొటోలు ఏ అలంకరణ సైటులోనూ ఒంటరిగా ఉండకూడదు. రెండు నకళ్ళు మీ దగ్గర, ఒకటి ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉంచండి.

మా సంగతి చెప్పి ముగిస్తాను. ఫొటోలు దొరకలేదు. డెకార్ సెంటరుకి వెళ్ళే ముందు వారం మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మకి ఫోను చేసింది. ఆవిడకి ఎనభై దాటాయి. స్తంభాలు ఎన్ని, అరుగు ఎంత ఎత్తు, గూడు ఏ వైపు అని అడుగుతూ ఒక కాగితం మీద గీసుకుంది. "గూడు మరీ పైకి పెట్టించకే అమ్మాయ్, నూనె పొయ్యడానికి చెయ్యి అందాలి. మరీ కిందకి పెడితే పిల్లలు ఆర్పేస్తారు" అందిట ఆవిడ. ఆ ముక్క ఏ ఫొటోలోనూ లేదు.

బిల్డరు గూడు పెట్టనన్నాడు. ఇల్లు చేతికొచ్చాక ఒక వడ్రంగి చేత లోపలి గోడలో పెట్టించాం. బయటి గోడలో చలికి అడ్డంగా నింపిన దూది ఉంటుంది, దాన్ని కదపకూడదు. ఇక్కడి గోడల్లో చెక్కలు పదహారు అంగుళాలకొకటి వస్తాయి కాబట్టి గూడు వెడల్పు పద్నాలుగున్నర అంగుళాలకి మించలేదు. చెక్క ఇల్లు కాబట్టి నూనె దీపం బదులు చిన్న కరెంటు దీపం. ఎత్తు మాత్రం అమ్మమ్మ చెప్పినంతే.

ఈసారి ఆ కాగితాన్ని స్కాను చేసి మూడు చోట్ల దాచాను. మీ ఇళ్ళలోనూ అలాంటి పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ శనివారం ఒక ఫోను చెయ్యండి. వాళ్ళు మూతపడేముందు హెచ్చరిక మెయిలు రాదు.