పార్కు జాగా అమ్మకానికి లేదు! ఆదివారం పొద్దున అందరూ రండి!



మనందరి కోసం విడిచిన పార్కు జాగాలో రాత్రికి రాత్రి రేకుల షెడ్డు లేచింది. అంతకుముందు ఏం జరిగిందో చూస్తూనే ఉన్నాం. మొదట టిప్పర్లలో మట్టి, పాత గోడల శిథిలాలు తెచ్చి పోశారు. తర్వాత మూలనున్న వేపచెట్టు కొట్టేశారు. ఆ తర్వాత గోడ మీద ఎర్ర రంగుతో ఒక ప్లాటు నంబరు, పక్కన గీత పెట్టి 'ఎ'. మన లేఅవుట్‌లో ఆ నంబరు ప్లాటే లేదు!

పక్క ప్లాటు నంబరుకు ఓ అక్షరం తగిలించడం, లేని ప్లాటును కాగితం మీద పుట్టించి రిజిస్ట్రేషన్ చేయించుకోవడం, ఆ దస్తావేజు చూపించి కరెంటు మీటరు, ఇంటి నంబరు తెచ్చుకోవడం హైదరాబాద్ శివార్లలో కబ్జాదారులకు అలవాటైన దారి. మీటరు తిరగడం మొదలైతే ఖాళీ చేయించడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఇప్పుడే కదలాలి.

ఆ జాగా ఎవరిదని అడిగేవాళ్లకు గట్టిగా చెప్పండి, మనం డబ్బు కట్టి కొన్నదని. పార్కుకు విడిచిన గజాల ఖరీదును లేఅవుట్ వేసినాయన తన జేబులోంచి పెట్టుకోలేదు. మన ప్లాట్ల గజం ధరలో కలిపి మన దగ్గరే రాబట్టాడు. నగలు కుదువబెట్టి కొన్నవాళ్లు, పీఎఫ్ తీసి కొన్నవాళ్లు ఆ పార్కుకు కూడా కట్టినట్టే. 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్, అదే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, గుర్తుందా? పది శాతం ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు కొన్నవాళ్లను, దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టమంది ప్రభుత్వం. లేని పార్కుకే అంత వెల కట్టినప్పుడు, ఉన్న పార్కును ఊరికే వదులుకుంటామా?

"మీకేం సంబంధం? అది మున్సిపాలిటీ చూసుకుంటుంది" అనేవాళ్లు బెంగళూరు కేసు తెలుసుకోవాలి. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు ఉంచిన స్థలాన్ని నర్సింగ్ హోం కట్టుకొమ్మని ఓ ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చేశారు. ముఖ్యమంత్రి స్థాయిలో వచ్చిన ఆదేశం అది. అయినా అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. ఆసుపత్రి కూడా జనం కోసమే కదా అన్న వాదన నిలబడలేదు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది, కోర్టుకెళ్లే హక్కు నివాసులకు ఉందంది.

ఇంకో మాట మనలో మనం తేల్చుకోవాలి. షెడ్డు పోయాక పార్కు తాళం ఎవరి చేతిలో ఉంటుంది? ఫంక్షన్ హాలు కడదామని, కార్ల పార్కింగ్‌కు కిరాయికిద్దామని అప్పుడే కొందరు అంటున్నారు. నలుగురు పెద్దలు కూర్చుని తేల్చే సంగతి కాదిది. ఏ నిర్ణయమైనా కాలనీ అంతా కూర్చున్న మీటింగులోనే జరగాలి. కిరాయికి ఉన్నవాళ్లకూ అందులో మాట ఉండాలి. లెక్కలు నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. సొంతిల్లున్న పిల్లలకు కనీసం మేడ ఉంది. వాచ్‌మెన్ పిల్లలకు, ఇళ్లలో పనిచేసే అమ్మల పిల్లలకు ఆడుకునే జాగా ఇదొక్కటే. వాళ్లను గేటు బయట నిలబెట్టే పార్కు కోసం మేం ఈ కరపత్రం పంచడం లేదు.

ఆదివారం పొద్దున 7 గంటలకు పార్కు దగ్గరికి రండి. షెడ్డు మీద మాత్రం ఎవరూ చేయి వేయొద్దు. దాన్ని తీయించాల్సింది అధికారులు. మనం కొలుద్దాం, ఫొటోలు తీద్దాం, సంతకాలు పెడదాం. మున్సిపల్ కార్యాలయానికి, కబ్జాలు తొలగించే హైడ్రాకు ఫిర్యాదులు సిద్ధంగా ఉన్నాయి. ఈ జాగాను నిషేధిత జాబితాలో పెట్టించాలని, దీని మీద ఏ దస్తావేజూ రిజిస్టరు చేయొద్దని ఒక అర్జీ, మీటరు ఇవ్వొద్దని కరెంటు ఆఫీసుకు మరొకటి. ఆమోదం పొందిన లేఅవుట్, పార్కు జాగాను మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకళ్ల కోసం 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడుతున్నాం. 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత.

పార్కును ఆనుకుని ఇళ్లున్నవాళ్లు తప్పకుండా రావాలి. మీ సేల్ డీడ్ తీసి హద్దులు చదవండి. నాలుగు దిక్కుల్లో ఒక దిక్కున 'పార్కు' అని రాసి ఉంటుంది. దానికి మించిన సాక్ష్యం మన చేతిలో లేదు. ఆ పేజీ జిరాక్స్ రెండు కాపీలు తెండి. ఇంట్లో కొలత టేపు ఉంటే అదీ తెండి. రాలేనివాళ్లు శనివారం సాయంత్రంలోగా కిరాణా కొట్టు దగ్గరున్న అర్జీ మీద సంతకం చేసి, ఇంటి నంబరు రాయండి.

ఇట్లు
మీ కాలనీ నివాసులు